అన్ని కంప్యూటర్లకూ నెట్ వచ్చిందన్నా

రెడ్డన్నా,

నువ్వు పోయి నెల తిరక్కముందే మాదాపూర్‌లోని మన ఆఫీసులో అన్ని కంప్యూటర్లకూ ఇంటర్నెట్ వచ్చింది. మెయిల్ చూసుకోవడానికి మూలనున్న ఆ ఒక్క మిషన్ దగ్గర ఇక ఎవరూ వరస కట్టనక్కర్లేదు. అకౌంట్స్ యాదగిరి "ఇగ ఫికర్ లేదు, నా కుర్చీల కూసోనే చూస్కుంట" అని ఒకటే సంబరం.

రౌటర్‌లో ఉన్న సెట్టింగులన్నీ నువ్వు పెట్టినవే. నువ్వు సెలవులో ఉండగా నాకూ తెలుసన్నట్టు వేలు పెట్టి, మన ఆఫీసు ఉండే లోపలి వైపునూ నెట్ ఉండే బయటి వైపునూ తారుమారు చేసింది నేను. ఆసుపత్రి మంచం మీద నుంచే నువ్వు చెప్పావు.

"లోపలా బయటా తిరగేసినావేమో చూడ్రా. బయటికి అందరం ఒకే అడ్రసుతో పోతాం గానీ, వచ్చే జవాబు ఎవరిది వాళ్లకు రౌటరే ఇయ్యల్ల గదా."

తలూపాను గానీ చూడలేదు. ఈ పొద్దున చూసి సరిచేస్తే, టీ చల్లారేలోపే నెట్ కలిసింది.

ఎండీ గారు అందరి ముందూ నా భుజం తట్టారు. "రెడ్డిగారున్నన్నాళ్లూ తేలలేదండి. మీరు ఒక్క పూటలో తేల్చేశారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు నాదని చెప్పడానికే నోరు తెరిచానన్నా. "థాంక్యూ సార్" అని వచ్చింది.

తర్వాత నీ కంప్యూటర్ కూడా ఆన్ చేసి చూశాను. దానికీ నెట్ వచ్చింది. రౌటర్ ఎవరి జవాబు వాళ్లకే ఇస్తోంది. నీకు రావాల్సింది మాత్రం నేనే ఉంచేసుకున్నాను.