క్వార్టరు 47 పెరట్లో కనబడిన స్త్రీ

కంచరపాలెం,
12-8-1983.

కార్మికుల క్వార్టర్ల అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: 47వ నంబరు క్వార్టరులో కనబడిన అపరిచిత స్త్రీ గురించి సంజాయిషీ.

1. తమ అనుమతితో పెరట్లో ఆనప పాదు పెట్టి, ఒక పాడిగేదెను కొన్నాను. పశువులను సాకడం నాకు కొత్త. పళ్లు చూశాను, ఎన్నో ఈతో అడిగాను. ఎవరు పితికితే చేపి పాలు వదులుతుందో అడగలేదు. నా భార్య గౌరీశ్వరి పితికేది.

2. ఆమె పురుటికి పుట్టింటికి వెళ్లింది. నేను కూర్చుంటే గేదె తన్నింది. పొదుగు గట్టిపడింది. దాన్ని నాకు అమ్మిన కాశమ్మ దగ్గరకు పరుగెత్తాను. "దానికి మీ ఆడమనిసి సీరే తెలుసు నాయినా. కట్టుకుని కూకో, సిగ్గేటి?" అంది. కట్టుకున్నాను. చేపింది.

3. ఈ నెల 3న ఉదయం తమ ఇన్‌స్పెక్టరు భీమశంకరరావు గారు తడిక అవతల నిలబడి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగారు. అప్పుడే లేచి నిజం చెప్పవలసింది. మీసం కనబడకుండా కొంగు లాక్కొని, లోపలికి పోయి గడియ వేసుకున్నాను.

4. "భార్య లేని సమయమున పరస్త్రీని ఉంచుకొన్నాడు, క్వార్టరు ఏల రద్దు చేయరాదు" అన్న నోటీసును గేటు దగ్గర బోర్డుకు అంటించారు. ఆ మాట అత్తవారింటికి చేరింది. రెండు పూటలా పాలు తియ్యాలి గనుక, బిడ్డ పుట్టినా నేను చూడ్డానికి వెళ్లలేదు. వాళ్లకు అదీ రుజువైంది.

5. బావమరిది తవిటయ్య వచ్చి, గౌరీశ్వరి ఇక రాదన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను నవ్వలేదు. "అబద్దమాడితే నమ్మేటట్టు ఆడు బావా," అన్నాడు.

కావున, సదరు స్త్రీయు ఈ అర్జీదారుడును ఒక్కరేనని ఆఫీసు ముద్రతో ఒక కాగితం ఇప్పించ ప్రార్థన. రుజువు కావలెనన్న ఏ ఉదయమైనా వచ్చి చూడవచ్చును. భీమశంకరరావు గారు ఒక్కరే వస్తే చాలు. ఈ అర్జీని మాత్రం బోర్డుకు అంటించవద్దు. చదివి తమరు నవ్వినా, నిజమని చిత్తగించవలెను.

తలవంపులతో,
తమ విధేయుడు
జగ్గారావు

తా.క. ఇది ముగించేసరికి తవిటయ్య మళ్లీ వచ్చి గౌరీశ్వరి చీరలన్నీ పట్టుకుపోయాడు. పైన చెప్పిన రుజువు ఇప్పుడు చూపలేను. గేదె తన్నుతోంది. దాని సంగతి అలా ఉంచండి. కాగితం తొందరగా ఇప్పించండి బాబూ. ఆడపిల్లట. నేనింకా చూడలేదు.