అమ్మ వస్తుందని అలికించిన గోడ

ప్రియమైన కరుణక్కకు,

గూడెం నుంచి నీ చెల్లి ఎస్తేరు వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయ వల్ల నేను బాగున్నాను. అక్కడ నువ్వు, బావ, అమ్మ క్షేమంగా ఉన్నారనే అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? షుగర్ మాత్ర తినకముందే వేసుకుంటున్నదా, లేక టీ తాగేశాక గుర్తొచ్చి నాలిక కరుచుకుంటున్నదా? నేను వేళకు తింటున్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దని చెప్పు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే బడి వెనక బండ ఎక్కాలి. ఆ బండ మీద ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. అక్కడ నిలబడి ‘తిన్నారా, వాన పడ్డదా’ అని అరవొచ్చు గానీ, నేను చెప్పాల్సింది అరిచి చెప్పేది కాదు. నువ్వు నెల రోజులుగా “గొంతు గట్లున్నదేందే?” అని అడుగుతుంటే, జలుబని దాటేస్తున్నాను. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించకు. నువ్వొక్కదానివే చదువుకో.

బోనకల్‌లో మనం దోమలనుకున్నవి దోమలు కావక్కా. అవి మనింటి చుట్టాలు. ఇక్కడివి లంగా మీద నుంచి కూడా కుడతాయి. పొద్దు వాలితే చాలు, బ్లాక్‌బోర్డు రంగు మారిపోయేంత మూగుతాయి. వాన పడిన మర్నాడు పొద్దున జోరీగలు వేరే. వచ్చిన కొత్తలో గోకి గోకి నా పిక్కలు పుండ్లు పడ్డాయి. చీర కట్టుకుంటే అంచు తగిలి మంట. నేను కిరాయికి ఉంటున్న ఇంటామె జోగమ్మే అప్పుడు నన్ను కూర్చోబెట్టి కాళ్ళకు కానుగ నూనె రాసింది. రాస్తూ ఒకటే నవ్వు. “కొత్త నెత్తురు గద టీచరమ్మా, రుచి జూస్తున్నయి. ఒక్క వానకాలం ఓర్సుకో, వాటికే యాష్టకొస్తది” అంది. రోజూ సాయంత్రం నా గదిలో కూడా వావిలాకు పొగ వేసి పోయేది. ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాను. నిజంగానే పెద్దమ్మ లాగే చూసుకుంది నన్ను.

ఇల్లంటే రెండు మట్టి గదులు, నడుమ ఒకటే గోడ. ఇటు నేను, అటు జోగమ్మ, ఆమె కోడలు సమ్మక్క. కొడుకు బోరు లారీ మీద పనికి పోయి మూడు నెలలకోసారి వస్తాడు. సమ్మక్కకు ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఆ అత్తాకోడళ్ళను చూస్తే నీకు ముచ్చటేసేది. ఒకే కంచంలో తింటారు. కోడలు నీళ్ళు పోసుకున్నప్పటి నుంచి జోగమ్మ ఆమెను కట్టెలు కూడా ఎత్తనివ్వలేదు. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన కాన్పు అది.

జూన్‌లో బడి తెరిచిన వారానికే గోడలకు దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చారు. వీపుకు పంపులు తగిలించుకొని ఇల్లిల్లూ తిరిగి లోపలి గోడలన్నిటికీ కొట్టారు. మనిషిని కుట్టిన దోమ పోయి గోడ మీదే వాలుతుందట, ఆ మందు తగిలి చస్తుందట. ఆరాక గోడంతా తెల్లటి చారలు, రెండు రోజులు ఒకటే వాసన. ఆ మధ్యాహ్నం జోగమ్మ, సమ్మక్క చేనుకు పోయారు. అన్నానికని ఇంటికొచ్చిన నన్నే వాళ్ళ మేస్త్రీ పిలిచాడు. “టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. వీళ్లకు జెర సమజ్ చెయ్యి. మూడు నెల్లు గోడ అలకొద్దు, సున్నం ఎయ్యొద్దు. అలికితే మందంత మట్టి కిందికి పోతది.” సరేనన్నాను. తల కూడా ఊపాను. జోగమ్మకు మాత్రం చెప్పలేదు.

జులైలో నువ్వు ఫోన్ చేశావు, గుర్తుందా? అమ్మను తీసుకొని శనివారం వస్తున్నాను, చిన్నది ఎట్లా ఉంటున్నదో ఒకసారి కళ్ళతో చూస్తానంటున్నది అన్నావు. ఇక నా హడావిడి చూడాల్సింది. అమ్మ సంగతి నీకు తెలియనిదా? ఎవరింటికి పోయినా ముందు గోడలు చూస్తుంది, తర్వాతే మనుషులను పలకరిస్తుంది. ఈ చారలు, ఈ మరకలు చూస్తే ‘నా బిడ్డ పశువుల కొట్టంలో ఉంటున్నది’ అని ఏడుస్తుంది, ఉద్యోగం వద్దు పద అంటుంది. అందుకని జోగమ్మను అడిగాను, మా అమ్మ వస్తున్నది, గోడలు అలుకుదామా అని.

“మొన్ననే మందు కొట్టి పోయిన్రు గద టీచరమ్మా. అలకొచ్చునా?” అని అడిగిందక్కా ఆమె. చదువు రాని మనిషి అడిగింది.

నేను ఏమన్నానో తెలుసా? “ఏం కాదు పెద్దమ్మా, మందు ఎప్పుడో గోడలోకి ఇంకిపోయి ఉంటుంది” అన్నాను. “అవ్ మల్ల, నీకెరుకనే గద” అని కొంగు బిగించి లేచింది. మేస్త్రీ మాట అప్పుడు గుర్తుకు రాలేదని రాద్దామనుకున్నాను. వచ్చింది. వచ్చినా, ఒక్క నాలుగు గోడలకు ఏమవుతుందిలే అనుకున్నాను. నీకు అబద్ధం రాస్తే ఇంక నిజం ఎవరికి చెప్పను?

సమ్మక్క ఆరో నెల కడుపుతో, అత్త వద్దంటున్నా వినకుండా బుట్టతో ఎర్రమట్టి తెచ్చింది. వాన తెరిపిచ్చిన రెండు రోజుల్లో ముగ్గురం కలిసి రెండు గదులూ అలికాం. నా గది ఒక్కటే అలికితే బాగుండదని వాళ్ళ గది కూడా నేనే అలికించాను. నేను అడిగి అలికించానని మాత్రం జోగమ్మకే తెలుసు, సమ్మక్క ఇది అత్త పూనుకున్న పనే అనుకుంది. ఎంత బాగుందో గోడ! పైన పటారం, లోన లొటారం అంటారు చూడు, అదీ నేను చేసిన పని. శనివారం అమ్మకు మోకాళ్ళు పట్టేశాయని మీరు రాలేదు. నాకేమీ కోపం రాలేదు, కాస్త దిగులేసింది అంతే.

ఆగస్టులో సమ్మక్కకు చలిజ్వరం పట్టుకుంది. ఆశా వర్కర్ వచ్చి వేలు గుచ్చి కిట్టుతో చూసి, మలేరియా, అందులోనూ చెడ్డ రకం, కడుపుతో ఉన్నది కాబట్టి పెద్ద దవాఖానాకు జల్దీ తీసుకుపొండి అన్నది. వాగు నిండుగా పోతున్నది. ఒక పగలంతా ఒడ్డునే కూర్చున్నాం. మర్నాడు పొద్దున నీళ్ళు తగ్గాక ట్రాక్టర్‌లో దాటించి భద్రాచలం తీసుకుపోయాం. అప్పటికే మనిషి పలవరిస్తున్నది. నన్ను చూసి వాళ్ళమ్మ అనుకున్నది. డాక్టర్లు సమ్మక్కను దక్కించారు. కడుపులో పిల్ల దక్కలేదు. ఆడపిల్ల. అన్ని వేళ్ళూ, గోళ్ళూ ఉన్నాయి. నేను చూశాను.

ఇది చదివి నువ్వేమంటావో తెలుసు. ‘ఆ దోమ చేలో కుట్టిందో, వాగు దగ్గర కుట్టిందో, నీ గోడదే తప్పని ఎట్లా చెప్తావే’ అంటావు. నేనూ అదే చెప్పుకున్నాను, వెయ్యిసార్లు. కానీ మా వరసలో తొమ్మిది ఇళ్ళున్నాయి. జ్వరం వచ్చింది మా ఇంట్లోనే. అందరికీ దోమతెరలు ఉన్నాయి, మాకూ ఉన్నాయి. వంట చేసి, తిని, గిన్నెలు కడిగేదాకా తెరలో ఎవరు కూర్చుంటారు? సమ్మక్క నడుము నొప్పికి రోజూ సాయంత్రం ఆ గోడకే ఆనుకొని కూర్చునేది. నాకింక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంటికొచ్చాక సమ్మక్క జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయింది. జోగమ్మే దగ్గర కూర్చోబెట్టుకొని నూనె రాసేది, ముద్దలు చేసి తినిపించేది. నేను రోజూ చెబుదామనుకొని రోజూ మింగేశాను. బడికి పోయి పిల్లలకు ఎక్కాలు చెప్పి వచ్చాను. అన్నం సయించలేదు. అమ్మకు ఫోన్లో మాత్రం కడుపునిండా తింటున్నానని చెప్పాను.

గోరుచుట్టు మీద రోకలిపోటు లాగా సెప్టెంబర్‌లో మందు కొట్టేవాళ్ళు రెండో విడతకు వచ్చారు. అదే మేస్త్రీ. గోడను గోటితో గీకి చూశాడు. నా వైపు తిరిగి, “ఏంది టీచరమ్మా, నీకు చెప్పిపోయిన గద? ఎవరు అలికిన్రు గిట్ల?” అన్నాడు.

నేను నోరు తెరిచాను. అంతలో పొయ్యి దగ్గర నుంచి జోగమ్మ గొంతు వినిపించింది. “నేనే అలికిన. టీచరమ్మ వద్దనే అన్నది, నేనే ఇనలే.”

ఆ మేస్త్రీ ఊరుకున్నాడా! “కడుపుతోని ఉన్న పిల్లను ఇంట్ల పెట్టుకోని గట్ల చేస్తరా ముసలమ్మా? మందు మొత్తం మట్టిల కలిపితివి గద, దోమలు ఉండక ఏం జేస్తయి?” అని కేకలేశాడు. గడపలో బియ్యం చెరుగుతున్న సమ్మక్క చాట కింద పెట్టింది. అత్త ముఖం వైపు ఒకసారి చూసింది, అంతే. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున బట్టలు మూట కట్టుకొని వాగవతల తల్లిగారింటికి పోయింది. పోయేటప్పుడు జోగమ్మ వాకిట్లో నిలబడి “తిని పో బిడ్డా” అంటే వెనక్కి కూడా చూడలేదు.

పదకొండు రోజులక్కా. ఇటు గదిలో నేను, అటు గదిలో జోగమ్మ ఒక్కతే. నా బదులు నింద నెత్తిన వేసుకొని, మళ్ళీ నా గదిలోకే వచ్చి వావిలాకు పొగ వేసి పోయేది. ఎందుకు అట్లా అన్నావు పెద్దమ్మా అని అడిగితే, “నువ్వు దూరం నుంచి వచ్చినవ్. నిన్ను ఊరోళ్లు నాలుగు మాటలంటే పడలేవు. నేను పడ్తలే” అంది. అమ్మ మనకు నేర్పిన ప్రార్థనలన్నీ చేశాను. నోట మాటలొస్తున్నాయి గానీ లోపల ఏమీ కదల్లేదు. పోయి చెప్పాల్సింది ఎవరికో నాకు తెలుసు కదా మరి.

పోయిన ఆదివారం వాగు దాటి పోయాను. సమ్మక్క వాళ్ళ గుడిసె ముందు విస్తరాకులు కుడుతున్నది. ఎదురుగా కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. మేస్త్రీ నాకు చెప్పిన మాట, మీ అత్త నన్ను అడిగిన మాట, నేను చెప్పిన జవాబు. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆమె ఆకు కుట్టడం ఆపకుండా అడిగింది.

“మీ అమ్మ వస్తదని అలికించినవా?”

“అవును.”

“వచ్చిందా మరి?”

“రాలేదు.”

“ఎవరు జూసిన్రు మల్ల, గా గోడ?”

ఎవరూ చూడలేదన్నాను. అక్కా, ఇందుకే అమ్మకు చెప్పొద్దంటున్నాను. తన కోసం అలికించానని తెలిస్తే ఆ మోకాళ్ళ నొప్పుల మనిషి ఇక మంచం దిగదు.

ఆ సాయంత్రమే సమ్మక్క మూట తీసుకొని తిరిగొచ్చింది. అత్త కాళ్ళ దగ్గర కూర్చొని చాలాసేపు ఏడ్చింది. ఇప్పుడు మళ్ళీ ఒకే కంచంలో తింటున్నారు. నాతో మాత్రం మాట్లాడదు. నేను బిందె పట్టుకొని బోరింగ్ దగ్గరికి పోతే తను నిండని బిందె ఎత్తుకొని వెళ్ళిపోతుంది. అది న్యాయమే, నాకేమీ అభ్యంతరం లేదు.

నువ్వు బదిలీకి అర్జీ పెట్టుకొమ్మంటున్నావు. పెట్టనక్కా. ఈ చేతులతో ఇంత చేసి బస్సెక్కి వచ్చేస్తే బోనకల్‌లో మాత్రం నాకు నిద్ర పడుతుందా? ఇప్పుడు మందు కొట్టినవాళ్ళ వెంట నేనే ఇల్లిల్లూ తిరిగి అలకొద్దని చెబుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకో. అడిగినవాళ్ళకు మా ఇంట్లో ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో కూడా దాచకుండా చెబుతున్నాను.

మీ వైపు డెంగీ జ్వరాలు ఎక్కువగా ఉన్నాయని విన్నాను. కూలర్‌లో పాత నీళ్ళు పారబోయి. డ్రమ్ము మీద మూత పెట్టు. అమ్మను పగలు కూడా తెరలోనే పడుకోబెట్టు. అమ్మవి పాత నూలు చీరలు రెండు ఉంటే పార్సిల్ చెయ్యి, సమ్మక్కకు ఇంకా నీరసం తగ్గలేదు, మెత్తటివి కావాలి. నేనిస్తే తీసుకోదు, జోగమ్మ చేత ఇప్పిస్తాను. బావకు, మందిరంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. అమ్మను నా తరఫున ముద్దు పెట్టుకో. నా కోసం అడగకు, సమ్మక్క కడుపు మళ్ళీ పండాలని మాత్రం ప్రార్థనలో అడుగు.

ఒక మాట మిగిలింది. నేను చెప్పి వచ్చానని జోగమ్మ సంతోషిస్తుందనుకున్నాను. నిన్న నా గదిలోకొచ్చి గడప మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నది. “ఎందుకు చెప్పినవ్ టీచరమ్మా? అది నా మీద ఎంత అలిగినా నా కోడలే, ఇయ్యాల కాకపోతే రేపైనా నా ఇంటికే వస్తుండె. నీ మీద అలిగితే నువ్వు పరాయిదానివి అయితవ్ గద” అన్నది.

నీ ఆశీర్వాదం కోరే చెల్లెలు,
ఎస్తేరు