దుమ్ము అంటని వాగు

ఫిబ్రవరి 16, సోమవారం

కాలితో తొక్కే అచ్చు మిషను మళ్ళీ తిరిగింది. అమ్మయ్య! తొక్కీ తొక్కీ పిక్కలు పట్టేశాయి గానీ ప్రాణం హాయిగా ఉంది. లచ్చమ్మక్క మొదటి సీడీకి కవర్లు. పాటలు ఆమెవి, అచ్చు నాది. పెళ్ళిపత్రికలు కొట్టుకు బతికే నన్ను వెతుక్కుంటూ ఇనుప గని కొండ కింది ఊరి నుంచి బచేలీ దాకా వచ్చింది మహాతల్లి. జగదల్‌పూర్‌లో అయితే కంప్యూటర్ మీద చిటికెలో అయిపోతుందని నేనే చెప్పా. వద్దంది. చేత్తో కొట్టిందే కావాలట.

ఆదివారం దంతెవాడలో ప్రోగ్రాం. సీడీ విడుదల అక్కడే.

17, మంగళవారం

కవరు మీద బొమ్మ — వాగు, అందులో చేప. చెక్క మీద నేనే చెక్కా. చేప కాస్త బొద్దుగా వచ్చింది. మా ఆయన చూసి, కంపెనీ క్యాంటీన్‌లో తిని బలిసినట్టుంది అన్నారు. నవ్వలేక చచ్చా.

అన్నీ కొట్టేశా. నల్ల ఇంకు. వరండాలో తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశా.

18, బుధవారం

గాలి వీచింది. పొద్దున చూస్తే కొండ మీది ఎర్రదుమ్మంతా తడి ఇంకుకి అంటుకుంది. ముందు గుడ్డ తీసుకుని తుడవబోయా... తర్వాత చూస్తూ ఉంటే, అబ్బ, ఎంత బావుందో! ఏ రంగు డబ్బాలోనూ దొరకని ఎరుపు. నల్లటి వాగులో ఎర్రటి నీళ్ళు. ఇది కదా మన ఊరి రంగు, అక్క మురిసిపోతుంది అనుకున్నా. రమ్మని కబురు పెట్టా.

19, గురువారం

వచ్చింది. కవరు చేతిలోకి తీసుకుంది. టీ చల్లారిపోయింది.

"ఏంది చెల్లె ఇది... నా వాగు మీద మళ్ళ ఆ దుమ్మేనా?"

ఆమె చేను వాగు పక్కనే. ఎర్రబోరు అనే ఊరి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ నీళ్ళే తాగేదాన్నని చెప్పింది. ఇప్పుడు కొండ నుంచి ఎర్రనీళ్ళు పారి మడి గట్టిపడిపోయిందట, చేపలే లేవట. ఆ పాటలన్నీ అప్పటి వాగు మీదే. ఇవన్నీ నాకు ముందే తెలుసు. విన్నప్పుడు బుర్ర ఎక్కడ పెట్టానో!

మళ్ళీ కొడతానన్నా. వెళ్తూ నా తల మీద చెయ్యి వేసింది. తిట్టి ఉంటే బాగుండేది... లేదు, డైరీవి, నీ దగ్గర అబద్ధం దేనికి. ఆ చెయ్యి వేసింది కాబట్టే అన్నం సహించింది.

20, శుక్రవారం

మళ్ళీ మొదలు. కాగితం సరిపోయింది, దేవుడి దయ. కానీ ఆరేసేది ఎక్కడ? ఈ కాలనీలో దుమ్ము రాని కిటికీ ఏది?

ఆయనకి జరిగిందంతా చెప్పా. కొండ మీద ఖనిజం మోసే డంపరు లారీ నడిపే మనిషి. మా ఇంట్లో అన్నం ఉడికేది ఆ దుమ్ముతోనే. డ్యూటీ నుంచి వచ్చి, బయట కుళాయి దగ్గరే చొక్కా విప్పి, తల కడుక్కుని లోపలికి వచ్చారు. ఉన్న దుప్పట్లన్నీ తడిపి కిటికీలకి కట్టారు. పుట్టింటివాళ్ళు పెట్టిన మంచి దుప్పటితో సహా! కసరబోయి ఊరుకున్నా. ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు ఏ దేవుడికి మొక్కాలో.

21, శనివారం

ఆరాయి. నల్లగా, శుభ్రంగా. తెల్ల రుమాలుతో అద్ది చూశా, ఏమీ అంటలేదు.

అక్క వచ్చింది. కవరు ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకు వాసన చూసి నవ్వింది. ఇన్నాళ్ళకి నా పనికి దక్కిన బహుమతి అదే. కిటికీలకి దుప్పట్లేంటని అడిగింది. ఎవరు కట్టారో చెప్పా. లేచి వెళ్ళి ఒక దుప్పటి అంచు పట్టుకుని చూసింది.

"రేపు మరిదిని గూడ తోల్కరా."

ఆయనకి చెప్పా. గడ్డానికి సబ్బు రాసుకుంటున్న మనిషి ఆగిపోయారు.

"ఆవిడ ఆ వాగు పాట పాడుతుంటే, నేను ఎదురుగా కూర్చోనా?"

ఇస్త్రీ చొక్కా కుర్చీ మీద పెట్టి వచ్చా.

22, ఆదివారం

కవర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఇది రాస్తున్నా. బస్సుకి టైమవుతోంది. ఆయన చొక్కా వేసుకున్నారు. గుమ్మంలో చెప్పుల పక్కన నిలబడి కొండ కేసి చూస్తున్నారు. రండి అనాలని నోటిదాకా వస్తోంది... ఆ అడుగు ఆయనే వెయ్యాలి, అనడం లేదు —