బెల్టు బిగించే చేయి

గోతెంబా

కురమొచి గారికి నమస్కారాలు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఫుజి కొండ కనబడటం లేదు. నేను షిగెనోబు చెల్లెలిని. మీరు మా ఇంటికి వచ్చినప్పుడు టీ ఇచ్చి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాను.

పందేల్లో మీరూ అన్నయ్యా ఒకే కారును వంతులవారీగా నడుపుతారు. దిగినవారు ఎక్కినవారికి బెల్టులు బిగించాలని అన్నయ్యే చెప్పాడు. మొన్నటి పందెంలో అన్నయ్య దిగి మీ మీదికి వంగాడు. బయట ఉన్నవాళ్లకు అన్నయ్య వీపే కనబడి ఉంటుంది. టీవీలో కారు లోపలి కెమెరా చూపించింది. బెల్టులు మీరే పెట్టుకున్నారు.

వసంతంలో కారు గోడను గుద్దినప్పటి నుంచి అన్నయ్య కుడిచేతి వేళ్లకు స్పర్శ లేదు. ఇంట్లో ఎడమచేత్తో తింటున్నాడు.

"కార్లు తోలే మొనగాడివి, పుల్లలతో సోబా నూడుల్స్ పట్టలేవేంట్రా?" అని అమ్మ నవ్వింది.

"రెండో చేతికీ పని చెప్పాలిగా అమ్మా," అన్నాడు.

వేళ్ల సంగతి నేను అడిగితే, "నువ్వెళ్లి పుస్తకం చదువుకోవే. ఈ ఒక్క ఏడాది నడపనీ," అన్నాడు.

మీరు స్నేహం కొద్దీ చేస్తున్నారని తెలుసు. అన్నయ్య ఆగిపోతే మీ పందేలూ ఆగవచ్చని తెలుసు. జట్టు మేనేజరుకు నేనే రాద్దామనుకున్నాను. ధైర్యం చాలలేదు.

ఆదివారం పందెం వానలోనే అంటున్నారు. ముందురోజు మీకు డ్రైవర్లు మారే సాధన ఉంటుంది కదా. అన్నయ్య మీ మీదికి వంగినప్పుడు, దయచేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. బెల్టులు పడక కారు కదలకపోతే అందరూ వచ్చి చూస్తారు. మనం ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

షిగెనోబు చెల్లెలు