గయ్యాళా, నంగనాచా?

చిరంజీవి బుడంకాయకు,

అమ్మ బోలెడు ముద్దులతో రాయునది. ఇక్కడ నేనూ, నాన్నా, షెడ్డులో మన పాత కారు గయ్యాళీ క్షేమం. అక్కడ నువ్వూ, నీ సర్వే ఆఫీసూ, నీ పుచ్చిపన్నూ క్షేమమని తలుస్తాను. ఆ పన్ను పీకించుకున్నావా, లేక ఇంకా లవంగనూనెతో కాలక్షేపం చేస్తున్నావా? రేసుకారులో నా పక్కన కూర్చుని కొండ మలుపులు చదివే పిల్ల పళ్ళ డాక్టరు కుర్చీని చూసి పారిపోయిందంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

నాన్న నడుం నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది, ఆ మాట ఆయన ఒప్పుకోడు అంతే. ఊరందరి కార్లకూ మెత్తటి సీట్లు కుట్టే మనిషి, తను మాత్రం కుంటి ముక్కాలిపీట మీద కూర్చుంటే నడుం పట్టక ఏమవుతుంది? మొన్న గట్టిగా చీవాట్లు పెట్టాక తన కోసం ఒక దిండు కుట్టుకున్నాడు. అది కూడా మిగిలిపోయిన మూడు రంగుల ముక్కలతో.

ఇక కారు సంగతి. నీ ఉత్తరంలో సగం కొత్తదాన్ని పొగడడానికే సరిపోయింది. పాతదీ కొత్తదీ పేరుకు ఒకే బండి, మధ్య ఒక తరం తేడా. నువ్వు రాసినవన్నీ నిజమే. కొత్తది నాలుగు చక్రాలతోనూ నేలను పట్టుకుంటుంది, గేర్లు వాటంతటవే మారతాయి, బ్రేకు మీద కాలు పెడితే చాలు ఆగుతుంది. షోరూంలో దాన్ని చూడగానే నంగనాచి అని పేరు పెట్టాను. లోపల ఎంత పొగరున్నా పైకి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఇంజను చప్పుడు కూడా స్పీకర్లలోంచి వినిపిస్తారట. ఎక్కువ కావాలంటే ఒక మీట, తక్కువ కావాలంటే ఇంకో మీట అని షోరూం అతను కరపత్రం చూపిస్తూ తెగ గొప్పలు పోయాడు. మా ఆయన గురకకు అలాంటి మీట ఉంటే చెప్పు, ఇప్పుడే కొనేస్తానన్నాను.

మన గయ్యాళి అలా కాదు. స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు మీది గులకరాయి కూడా అరచేతికి తగులుతుంది. ఎప్పుడు గేరు మార్చాలో సీటులోంచి నా వెన్నుకు తెలుస్తుంది. తలుపుల కింద తుప్పు పట్టింది, చలిగా ఉంటే రెండో గేరును బతిమాలుకోవాలి, అయినా సరే. కొత్తొక వింత, పాతొక రోత అంటారు కానీ, నా విషయంలో ఆ సామెత తిరగబడింది. ఇన్నాళ్ళూ ఇవే చెప్పి నీతో వాదించాను. "అమ్మా, నీకు కొత్తదంటే భయం" అని రాశావు. భయమే. కాకపోతే నువ్వనుకునే భయం కాదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగావు. ఫోన్ ఎందుకు ఎత్తవు, ఎప్పుడు చేసినా స్నానం చేస్తోందనే నాన్న ఎందుకంటాడు, అమ్మ కొంపదీసి చేపగా మారిపోయిందా అని. చదివి ముందు పకపకా నవ్వాను. తరవాత స్నానాలగదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

ఈ ఉత్తరం మొదట్లో క్షేమం అని రాశాను చూశావా, అది అలవాటు కొద్దీ రాసింది. నేను క్షేమంగా లేనమ్మా. నాకు మాట వినపడడం లేదు. చప్పుడు వినపడుతుంది. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది. ఏమంటున్నాడో మాత్రం తెలియదు, అంతా పిండి పిండి అయిపోయి చెవిలో పడుతుంది. చెవుల డాక్టరు నరం పాడైపోయిందని, బాగయ్యేది కాదని కాగితం మీద రాసి చూపించింది. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చింది. అది పెట్టుకుంటే గిన్నె కిందపడిన చప్పుడుకు ప్రాణం పోతుంది కానీ, నాన్న పక్కనే నిలబడి పిలిచినా మాట మాటగా రాదు. డ్రైవింగ్ స్కూలుకు తాళం వేశాను. రంగులు వేయిస్తున్నామని నేర్చుకునేవాళ్ళకు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం అని నలుగురితో పాటు నేనూ ఎన్నిసార్లు నవ్వానో, ఆ నవ్వంతా ఇప్పుడు నా మీదికే వచ్చింది.

అయినా నాకు దిగులు స్కూలు గురించి కాదు. వచ్చే రేసులో నువ్వు నా పక్క సీట్లో కూర్చుంటావు. ముందు ఏ మలుపు, ఎంత వంకర అని అంకెల్లో నువ్వు చదివితే, అది విని నేను తిప్పాలి. వినకపోతే ఇద్దరం లోయలో ఉంటాం. నా సంగతి సరే, నిన్ను ఎలా తీసుకుపోను?

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గయ్యాళిలో బండి మాట నా ఒంటికి తెలుస్తుంది, కానీ ఆ రొదలో నీ మాట బొత్తిగా అందదు. నంగనాచి చేతికి ఏమీ చెప్పదు, కానీ లోపల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, హెల్మెట్ స్పీకరులోంచి అయినా నీ మాట అందుతుందేమోనని ఆశ పుట్టింది. అందితే చాలు, గయ్యాళిని ఇచ్చేసి కొత్తదే కొనేద్దామనుకున్నాను. నువ్వు గెలిచావని రాద్దామని కూడా అనుకున్నాను.

షోరూం అతన్ని అడిగి ఒక పూట నంగనాచిని తెచ్చుకున్నాను. రాళ్ళక్వారీ రోడ్డుకు తీసుకుపోయాం. నాన్నకూ నాకూ హెల్మెట్లు పెట్టి, ఆ రోడ్డుకు నువ్వు రాసిన నోట్సు చేతికిచ్చి, "మా బుడంకాయ చదివినట్టు చదువు" అన్నాను. ఆయన చదివాడు, నేను విన్న ప్రతి మాటా పైకి తిరిగి చెబుతూ నడిపాను. ఎడమ మూడు. వంతెన. కుడి రెండు, మలుపు బిగుసుకుంటుంది. ఎడమ ఐదు, కంకర. ఒక్కటి కూడా తప్పలేదే! ఎన్నాళ్ళయిందో అంత తేటగా మాట విని. షోరూంకు తిరిగొచ్చి బండి దిగి, అక్కడి అతని ఎదుటే నాన్నను కావలించుకున్నాను. గయ్యాళిని మార్పిడికి తీసుకో, కాగితాలు సిద్ధం చెయ్యి అని అతనికి చెప్పేశాను.

నాన్న ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు, కుట్టలేదు. నేను పాడుకుంటూ తిరుగుతున్నాను, ఎంత దరిద్రంగా పాడానో దేవుడికే తెలియాలి. చివరికి సీటు కోసం కత్తిరించే తోలు తిరగేసి, దాని మీద సుద్దముక్కతో రాసి నా వైపు తిప్పాడు. "వంతెన దాటాక కళ్ళజోడు జారి పేజీ తప్పింది. నేను చెప్పేలోపు నువ్వే తరవాతి మలుపు చెప్పేశావు. అక్కడి నుంచి చివరిదాకా నేను నోరు తెరవలేదు."

నేను నమ్మలేదు. ఆయన మీద కేకలేశాను. కొత్త కారు కొనడం ఇష్టం లేక అబద్ధమాడుతున్నావన్నాను. ఆయన అలా నా మొహం చూస్తూ ఏడుస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ దారి పొడుగునా నేను విన్నది నాన్న గొంతు కాదు, నీది. "కంకర" అనేటప్పుడు నువ్వు కాస్త సాగదీస్తావు చూడు, అలాగే వినపడింది. నాన్న చదువుతుంటే నీ గొంతు ఎందుకు వస్తోందని అప్పుడైనా అనుమానం రావద్దూ? ఆ రోడ్డు నాకు కంఠతా వచ్చు. బుర్రలో ఉన్నది చెవిలో పడిందనుకున్నాను. రేసు జరిగేది కంఠతా వచ్చిన రోడ్డు మీద కాదు.

పాతదైనా కొత్తదైనా నాకు ఒకటేనని అలా తేలిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. పోయినేడు రేసులో నీ వైపు కిటికీలోంచి ఎర్రజెండా చూసి ఆగమని అరిచావు. నేను కాలు తియ్యలేదు. మలుపు తిరిగాక రోడ్డుకు అడ్డంగా బండరాయి. దాని పక్కనుంచి వెంట్రుకవాసిలో దాటాం. "మా అమ్మ గుండెధైర్యం ఎలాంటిదో ఆఫీసులో అందరికీ చెప్పాను" అని రాశావు. అది ధైర్యం కాదమ్మా. నువ్వు అరిచినట్టే నాకు తెలియదు. తరవాత నువ్వు నవ్వుతూ చెబుతుంటేనే తెలిసింది. మైకు పాడైందని నాకు నేను సర్దిచెప్పుకుని నోరు మూసుకున్నాను. ఆ కథ ఇంకెవరికీ చెప్పకు.

వారం నుంచి షెడ్డులో గయ్యాళి సీట్లో కూర్చుని, ఇంజను వేసుకుని, స్టీరింగ్ మీద చెయ్యి ఆనించి అలా ఉండిపోతున్నాను. నాన్న వచ్చి తాళం తీస్తేనే లేస్తున్నాను. డ్రైవింగ్ మానేసి బతకమంటే ఎలా బతకాలో నాకు తెలియదు. వేరే ఏదీ నేర్చుకోలేదు.

నిన్న గయ్యాళి తాళం నాన్న చేతికిచ్చి, నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన గుడ్ల బుట్ట మోస్తున్నట్టు నడిపాడు, సైకిలతను దాటుకుపోయాడు మమ్మల్ని. నోట్సు నేను చదివాను. చదవడానికి చెవులు అక్కర్లేదు కదా. నా గొంతు నాకే సరిగ్గా తెలియదు, ఎక్కువైందో తక్కువైందో. అందుకని ఆయన చేతులు చూస్తూ చదివాను. నేను చెప్పగానే చేతులు తిరిగాయి. చెప్పిన ప్రతిసారీ తిరిగాయి.

ఊళ్ళో సగంమందికి డ్రైవింగ్ నేర్పినదాన్ని, నీకూ నేనే నేర్పాను, నాకన్నా బాగా నడుపుతావని నాకు తెలుసు. తెలిసే రేసులో స్టీరింగ్ ఇవ్వలేదు. ఇప్పుడు పెద్ద మనసుతో ఇస్తున్నానని అనుకోకు. మనసంతా మంటగా ఉంది, నీ మీద కుళ్ళుగా కూడా ఉంది. అయినా నువ్వే నడపాలి.

నెలాఖరు దాకా ఆగుతానని షోరూం అతను రాసిచ్చాడు. ఏది ఉండాలో నడిపేవాళ్ళే చెప్పాలి. నంగనాచే కావాలంటే గయ్యాళిని నా చేత్తోనే కడిగి తోలుకుపోయి ఇచ్చి వస్తాను, ఏడుస్తానేమో, పట్టించుకోకు. జాలిపడి మాత్రం ఒప్పుకోకు. చెవిటిది పక్కన ఉంటే చిక్కు అని తోస్తే, మలుపుల అంకెలు ఎంత గట్టిగా చదవాలో, ఎప్పుడు ఆపాలో చెప్పు, నేర్చుకుంటాను. చేత్తో సైగ చెయ్యి, భుజం మీద కొట్టు, అన్నీ నేర్చుకుంటాను. ఏ కారైనా నీ ఇష్టం తల్లీ. నన్ను మాత్రం దింపెయ్యకు.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
అమ్మ