నువ్వు వేయని రీలు

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన ఊరి టాకీసులో ఆపరేటర్‌గా నువ్వు ఎన్నోసార్లు ఆడించిన పాత సినిమా నిన్న బోరబండలో, మా కిరాయి గదిలో కేబుల్ టీవీలో వచ్చింది. అందులో మొగుణ్నీ కొడుకునీ వదిలిపోయే తల్లిని చిన్నప్పటి నుంచీ అసహ్యించుకున్నాను. తీరా చూస్తే ఆమె వానలో తిరిగొచ్చి, కొడుకు కోసం తలుపు కొడుతుంది. మొగుడు తీయడు. ఆ రీలు నువ్వెప్పుడూ వేయలేదు.

"ఆట జల్ది ఒడవాలని మామ ఎగ్గొట్టిండేమో. గింత పరేషానెందుకు?" అంది నీ కోడలు.

అంతేనేమో. మరి ఎప్పుడూ ఆ రీలే ఎందుకు?

హైటెక్ సిటీలో డ్యూటీ చేస్తూ, ఇవాళంతా వచ్చినవాళ్లకల్లా అద్దాల తలుపు తీస్తూ అదే ఆలోచించాను.

మనల్ని వదిలి వెళ్లాక, అమ్మ మళ్లీ వచ్చిందా నాయినా?