సుద్దముక్కతో గీసిన మంట

దస్తగిరీ, నిచ్చెన మీద కాలు జారితే నిన్ను ఎవరు పట్టుకుంటార్రా?

మన వీసా యజమాని కఫీల్ ఇంట్లో విందు ఉంది, నేను వంటకు పోతున్నాను. మీ నాయన నన్ను అక్కడ దింపి షార్జా గ్యారేజీకి పోతాడు. పప్పుచారు గిన్నెలో ఉంది. స్టవ్ మాత్రం నువ్వు వెలిగించవద్దు, పక్కింటి సైదున్నీసా పిన్నిని పిలువు.

ఐదింటికి ఖాదర్ మామ ఊరికి బయలుదేరుతాడు. ఆలోపల మంటలార్పడం నేర్పే నీ ఫైర్ డిప్లొమా ఫారంలో కాలేజీ పేరు రాసి ఆయన చేతికివ్వు. బొంబాయి కాలేజీలో నిజంగానే మంట పెట్టి పిల్లలను అందులోకి తోలుతారట. హైదరాబాద్‌లో అయితే మంటను సుద్దముక్కతో బోర్డు మీద గీసి చెబుతారట. అందుకే హైదరాబాద్ అని రాయి. నవ్వకు. మొన్న గంజి ఒక్క చుక్క చిందితే ఇల్లంతా గెంతింది నువ్వే.

ఏ కాలేజీ మేలో చెప్పమని మీ నాయనను నాలుగు రోజులుగా అడుగుతున్నాను.

అమ్మ

ఆగు, ఇది కూడా చదువు. ఇప్పుడే బూట్లు తొడుక్కుంటూ మీ నాయన నోరు విప్పాడు. "గ్యారేజీలో మంట లేచిన పొద్దు నన్ను బయటికి ఈడ్చుకొచ్చినోనికీ ఒక అమ్మ ఉంటాది గదే. బొంబాయి అని రాయమను" అన్నాడు.